పెద్ద ఫిరంగి కింద ఉన్న బావి

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పిల్లలు కూర్చున్నారు కాబట్టి, మాటలు మొదలుపెట్టే ముందు ఒక వస్తువు చూపిస్తాను. ఇది మా ఇంట్లోని ఇత్తడి తాంబాళం. పెళ్లిళ్లలో సారె సర్దడానికి మా అమ్మ వాడేది. నిన్న రాత్రి టేపు పెట్టి కొలిచాను. ఈ అంచు నుంచి ఆ అంచుకు 46 సెంటీమీటర్లు. జపాన్ నౌకాదళం 1941 డిసెంబరులో సేవలోకి తెచ్చిన యమాటో అనే నౌక మీద ఫిరంగి నోరు ఇంతే వెడల్పు. అంతకంటే పెద్ద నోరున్న ఫిరంగిని ప్రపంచంలో మరే బ్యాటిల్‌షిప్ మీదా బిగించలేదు.

ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఈ తాంబాళమంత గుండ్రంగా, మనలో చాలామంది కంటే ఎత్తుగా ఒక ఉక్కు గుండును ఊహించుకోండి. బరువు 1,460 కిలోలు. అది మన విశాఖ రేవు నుంచి బయలుదేరితే ఎవరెస్టు శిఖరం కంటే ఎత్తుకు లేచి, అనకాపల్లి మీదుగా సాగిపోయి, 42 కిలోమీటర్ల అవతల పడుతుంది. నిమిషంన్నర పైగా గాలిలోనే ఉంటుంది. అలాంటివి తొమ్మిది ఒకేసారి వదలగలిగిన నౌక అది.

ఒక మాట ముందే చెప్పుకుందాం. తెలుగులో యుద్ధనౌక అంటే ఆయుధం ఉన్న నౌకలన్నీ వస్తాయి. నేను ఈ సాయంత్రం మాట్లాడేది వాటిలో ఒకే ఒక జాతి గురించి. పెద్ద ఫిరంగులను మోయడానికి, ఎదుటివాడి పెద్ద ఫిరంగుల దెబ్బ కాయడానికి మాత్రమే కట్టిన భారీ నౌకలు. వాటిని బ్యాటిల్‌షిప్ అనే పిలుస్తాను. 1906లో బ్రిటన్ పది 12 అంగుళాల ఫిరంగులతో డ్రెడ్‌నాట్ అనే నౌకను దించిన దగ్గర నుంచి 1945లో యమాటో మునిగేదాకా, నలభై ఏళ్లు కూడా నిండని కాలం వాటిది.

నేను చరిత్రకారుణ్ణి కాను. మెషిన్ షాపులో బోరింగ్ పని చేసి రిటైరైన మనిషిని. ఉక్కు దిమ్మెలో నున్నగా, తిన్నగా రంధ్రం తొలచడం ఎంత కష్టమో నా చేతులకు తెలుసు. అందుకే నాకు మొదట మోహం కలిగింది ఫిరంగి గొట్టం మీద. మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు అక్కడి ఇంపీరియల్ వార్ మ్యూజియం ముందు తోటలో రెండు 15 అంగుళాల ఫిరంగులు చూశాను. ఒక్కొక్కటి వంద టన్నులు, పదహారు మీటర్లకు పైగా పొడవు. ఒకటి రామిలీస్ అనే నౌకది. రెండోది మొదట రిజల్యూషన్ అనే నౌక మీద ఉండి, తర్వాత రాబర్ట్స్ అనే నౌకకు మారి, 1944లో నార్మండీ తీరం మీద కూడా పేలింది. వాటి చుట్టూ పిల్లలు ఆడుకుంటున్నారు. నేను చెయ్యి వేసి చూశాను. మంచు రోజు, ఉక్కు గడ్డకట్టినట్టు ఉంది. రెండు గంటలు అక్కడే ఉండిపోయాను.

ఆ తర్వాత వాటి గురించి చదవడం మొదలుపెట్టాక నా చూపు గొట్టం మీద నుంచి కిందికి జారింది. ఆ కింద ఏముందో చెప్పడానికే ఇవాళ వచ్చాను. అయినా గొట్టాన్ని వదిలి కిందికి వెళ్లడానికి మనసు ఒప్పుకోదు కాబట్టి కాసేపు అక్కడే ఉందాం.

మీలో ఎంతమంది ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూశారు? పెద్దవాళ్లు చేతులెత్తుతున్నారు, సంతోషం. మా ఊళ్లో కమ్మరి, వడ్రంగి ఇద్దరూ కలిసి చేసేవారు. పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. పట్టుకార్లతో పట్టుకుని చక్రం మీదకు దించి, వెంటనే నీళ్లు పోస్తారు. పట్టా చల్లారి ముడుచుకుంటూ ఆకులను, పూటీలను ఎముకలు నొక్కినట్టు నొక్కేస్తుంది. చక్రం మూలిగిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత ఎంత బరువు వేసినా కీలు కదలదు.

పెద్ద ఫిరంగిని చేసేది అచ్చం ఇలాగే. లోపల ఒక ఉక్కు గొట్టం. దాని మీదికి కాల్చిన మరో గొట్టాన్ని తొడిగి చల్లారనిస్తారు. దాని మీద ఇంకొకటి. బ్రిటిష్ వాళ్లయితే ఆ పొరల మధ్య పట్టీ లాంటి ఉక్కు తీగను మైళ్ల పొడవున బిగించి చుట్టేవారు. ఎందుకంటే మందు పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు మూడు వేల రెట్లు. ఒకే దిమ్మెతో చేస్తే లోపలి పొర చీలిపోయేదాకా బయటి పొరకు పని తగలదు. ముందే బయటి నుంచి బిగించి ఉంచితే, పేలుడు మొదట ఆ బిగింపును విప్పుకుని, ఆ తర్వాతే ఉక్కును సాగదీయాలి. మా ఊరి కమ్మరికి, ఇంగ్లండులో ఫిరంగులు చేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ కార్ఖానా పనివాళ్లకు తెలిసిన రహస్యం ఒకటే. ఈ సంగతి అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

లోపలి గొట్టంలో మెలి తిరిగిన గాడులు కోస్తారు. గుండు అడుగున ఉన్న రాగి పట్టీ ఆ గాడులను కొరుక్కుంటూ పోవడంతో గుండు బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. తిరగని గుండు గాలిలో పల్టీలు కొడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. అమెరికా వారి అయోవా తరగతి నౌకల మీద 16 అంగుళాల ఫిరంగులు ఉండేవి. గొట్టం లోపలి పొడవు 20 మీటర్లు, కవచాన్ని ఛేదించే గుండు బరువు 1,225 కిలోలు, నోటి దగ్గర వేగం సెకనుకు 762 మీటర్లు. ఆ గుండులో ఉన్న శక్తి ఎంతో నేను కాగితం మీద వేసి చూశాను. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 920 టన్నుల రైలుకు ఉన్నంత. అంటే దాదాపు ఇరవై పెట్టెల ప్రయాణికుల రైలు. ఆ శక్తి అంతా గుండులోకి చేరడానికి పట్టే సమయం సెకనులో ఇరవై అయిదో వంతు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ గొట్టం 290 గుండ్ల దాకా పనికొచ్చేది, ఆ తర్వాత వేడి వాయువులకు లోపలి పొర అరిగిపోయి మార్చాల్సి వచ్చేది. 290ని ఆ ఇరవై అయిదో వంతుతో గుణించండి. పన్నెండు సెకన్లు కూడా రాలేదు. నెలల తరబడి కాల్చి, తొలిచి, నున్నగా చేసిన గొట్టం నిజంగా పని చేసే ఆయుష్షు అంతే. ఒక యంత్రాన్ని తయారు చేసినవాడికి ఈ లెక్క గుండెలో గుచ్చుకుంటుంది.

నోటి వెడల్పు కాస్త పెరిగితే ఏమవుతుందో కూడా చూడండి. డ్రెడ్‌నాట్ 12 అంగుళాల గుండు బరువు 386 కిలోలు. మ్యూజియం ముందున్న 15 అంగుళాల ఫిరంగి గుండు 879 కిలోలు. మూడు అంగుళాలు పెరిగితే బరువు రెండింతలు దాటింది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి పెరుగుతాయి కదా. అందుకే దేశాలు అంగుళం కోసం పోటీ పడ్డాయి. గుండు పెరిగితే మందు పెరగాలి, మందు పెరిగితే గొట్టం, గొట్టాన్ని మోసే టరెట్ అనే తిరిగే ఉక్కు గది, టరెట్‌ను మోసే నౌక అన్నీ పెరగాలి. యమాటోలో మూడు గొట్టాల టరెట్ ఒక్కటే సుమారు 2,500 టన్నులు. ఆ రోజుల్లో డిస్ట్రాయర్ అనే చిన్న యుద్ధనౌకలు చాలావరకు మొత్తం కలిపినా అంత బరువు ఉండేవి కావు.

సరే, ఇక కిందికి దిగుదాం.

ఈ బొమ్మ చూడండి. టరెట్‌ను నిలువునా కోస్తే ఇలా ఉంటుంది. డెక్ మీద మనకు కనిపించే ఉక్కు ఇల్లు, అందులోంచి పొడుచుకొచ్చిన గొట్టాలు, ఇవి పైభాగం మాత్రమే. బావికి పైన గట్టు ఎలాగో ఇది అలాగ. అసలు బావి కింద ఉంది. అయిదారు అంతస్తుల లోతు, చుట్టూ మందపాటి కవచం. గట్టు తిరిగితే కిందున్న అంతస్తులు కూడా దానితో పాటు తిరుగుతాయి. అయోవాలో ఈ ఒక్క బావిలోనే ఎనభై, తొంభై మంది పనిచేసేవారు. వాళ్లలో చాలామందికి సముద్రం కనబడదు. శత్రువు ఏ వైపున ఉన్నాడో తెలియదు. తమ ఫిరంగి పేలినప్పుడు నడుములో తగిలే కుదుపే వాళ్లకు యుద్ధం.

మధ్య అంతస్తుల్లో గుండ్లు నిలువుగా, వరుసల్లో, గొలుసులతో కట్టి ఉంటాయి. టన్నుకు పైగా బరువున్న గుండును చేతులతో కదపలేరు కదా. నూనె పూసిన నేల మీద, గుండు చుట్టూ ఒక తాడు తిప్పి, తిరుగుతున్న ఇనుప గుంజకు తాడు కొస చుట్టి లాగుతారు. గుండు నిలబడే జారుకుంటూ వచ్చి లిఫ్టు దగ్గర ఆగుతుంది. నౌక అలల మీద ఊగుతుంటే, ఆ తాడు పట్టు ఒక్క క్షణం వదులైతే మనిషి నలిగిపోతాడు. రేవులో పనిచేసినవాళ్లు ఈ గదిలో ఉంటే వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

బావికి అట్టడుగున, నీటిమట్టానికి కింద, మందుగదులు. ఫిరంగి మందును పట్టు సంచుల్లో కుట్టి ఉంచుతారు. పట్టు ఎందుకంటే అది పూర్తిగా కాలిపోతుంది. నూలు బట్టయితే కాలిన పీలికలు నిప్పుతో మిగిలిపోయి, తర్వాత పెట్టే సంచిని అంటిస్తాయి. అయోవా ఫిరంగికి ఒక్కో సంచి 50 కిలోలు, ఒక్క గుండుకు ఆరు సంచులు. మందుగదిలో మనిషి ఆ సంచిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తి, గోడలోని ఒక తిరిగే డబ్బాలో పెడతాడు. ఆ డబ్బాకు ఒకవైపే నోరు ఉంటుంది. మందుగది వైపు తెరిచి ఉంటే అవతలి వైపు మూసి ఉంటుంది. అవతలివాడు తిప్పి సంచి తీసుకుని లిఫ్టులో పెడతాడు. లిఫ్టు పైకి వెళ్తుంది. పైన గుండును ఒక యంత్రపు దండం గొట్టంలోకి బలంగా దూరుస్తుంది, రాగి పట్టీ గాడుల్లో ఇరుక్కునేదాకా. ఆ వెనక సంచులను అదే దండంతో మెల్లగా నెట్టాలి. ఈ మెల్లగా అన్న మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. తర్వాత వెనక తలుపు మూసి, మర తిప్పి బిగిస్తారు. పేలాక గొట్టంలో మిగిలిన నిప్పు రవ్వలను గాలి ఊది ముందుకు తోసి, అప్పుడే వెనక తలుపు తెరుస్తారు. ఈ తంతు అంతా అర నిమిషంలో పూర్తి కావాలి.

ఇప్పుడు ఆలోచించండి. మందు కింది నుంచి పైకి ఎక్కే దారి ఒకటి ఉంది. పైన శత్రువు గుండు పడి మంట పుడితే, ఆ మంట కిందికి దిగడానికి కూడా దారి అదే. కింద టన్నుల కొద్దీ మందు. ఆ దారిలో ఉన్న తలుపులే నౌకకు ప్రాణం. తలుపులన్నీ మూస్తూ తెరుస్తూ పనిచేస్తే సంచులు నెమ్మదిగా వస్తాయి. తెరిచి ఉంచితే త్వరగా వస్తాయి. పెద్ద ఫిరంగుల చరిత్ర మొత్తంలో నన్ను వదలని విషయం ఇది.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 జనవరి 24న ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంక్ దగ్గర జర్మన్ నౌక సైడ్లిట్స్ వెనక టరెట్‌కు బ్రిటిష్ గుండు తగిలింది. మందు అంటుకుంది. కింద ఉన్నవాళ్లు తప్పించుకోవడానికి పక్క టరెట్‌కు వెళ్లే తలుపు తెరిచారు. మంట వాళ్ల వెంటే వెళ్లింది. రెండు బావులూ కాలిపోయాయి. సుమారు 160 మంది చనిపోయారు. విల్‌హెల్మ్ హైడ్‌క్యాంప్ అనే పంపుల అధికారి మందుగదిలోకి నీరు వదిలే చక్రాలను పట్టుకున్నాడు. అవి ఎర్రగా కాలి ఉన్నాయి. వట్టి చేతులతో తిప్పాడు. వేడి పొగకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నౌక మిగిలింది. జర్మన్లు ఆ రోజుతో తమ తలుపులనూ, మందు దాచే పద్ధతినీ సరిచేసుకున్నారు.

గెలిచినవాళ్లకు ఆ పాఠం అందలేదు. బ్రిటిష్ నౌకల్లో వేగంగా కాల్చాలన్న పట్టుదలతో తలుపులు తెరిచి ఉంచారు, సంచుల డబ్బాల మూతలు ముందే తీసి పెట్టారు, దారిలో సంచులు పేర్చుకున్నారు. 1916 మే 31న జట్లండ్ యుద్ధంలో ఇండిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్‌విన్సిబుల్ అనే మూడు పెద్ద నౌకలు ఒకదాని తర్వాత ఒకటి పేలిపోయాయి. వీటిని బ్యాటిల్‌క్రూయిజర్లు అంటారు, బ్యాటిల్‌షిప్ ఫిరంగులే కానీ కవచం పలచన. 3,300 మందికి పైగా ఒకే రోజులో. ఇండిఫాటిగబుల్‌లో బతికి బయటపడినవారు ఇద్దరో ముగ్గురో.

ఆ వరుసకు ముందున్న లయన్ అనే నౌక కూడా అలాగే పోవాలి. దాని మధ్య టరెట్ పైకప్పు పగిలి గుండు లోపలికి వచ్చింది. లోపల దాదాపు అందరూ చనిపోయారు. మేజర్ ఫ్రాన్సిస్ హార్వీ ఒళ్లంతా గాయాలతో, మాట గొట్టం దగ్గరికి చేరి, మందుగది తలుపులు మూసి నీళ్లు వదలమని కింది వాళ్లకు చెప్పాడు. ఆ కాసేపటికి పైన రగులుతున్న నిప్పు దారిలో ఉన్న సంచులకు అంటుకుని మంట బావి అడుగుదాకా దూకింది. అక్కడున్నవాళ్లంతా పోయారు. కానీ మందుగది తలుపు మూసి ఉంది, లోపల నీరు నిండి ఉంది. నౌక ఇంటికి వెళ్లింది. హార్వీకి మరణానంతరం విక్టోరియా క్రాస్ అనే బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం ఇచ్చారు.

ఈ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు, ఆయన పేరు తక్కువగా వినబడుతుంది. అలెగ్జాండర్ గ్రాంట్. లయన్‌లో మందుగుండు పర్యవేక్షకుడు. ఆయన ఆ నౌకకు వచ్చాక మందుగదుల్లో జరుగుతున్న నిర్లక్ష్యం చూసి నియమం పెట్టాడు. అవసరమైనన్ని సంచులే బయటికి రావాలి, మూతలు ముందుగా తీయకూడదు, ఒక్క తలుపే తెరవాలి. కాల్పుల వేగం తగ్గుతుందని మొదట ఒప్పుకోనివారికి, తగ్గదని చేసి చూపించాడు. హార్వీ ఆజ్ఞ ఇచ్చే సమయానికి మూయడానికి వీలుగా ఉన్న తలుపు అక్కడ ఉందంటే అది గ్రాంట్ నెలల తరబడి చేసిన చాకిరీ. నేను పనిచేసిన చోట కూడా యంత్రాల రక్షణ మూతలు తీసేసి ఉత్పత్తి పెంచుదామనేవాళ్లను చూశాను. అలాంటప్పుడు గ్రాంట్ లాంటివాడు పక్కన నిలబడటం ఎంత విలువైనదో నాకు తెలుసు. ఆయనకు నేను ఈ వేదిక మీద నుంచి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

తర్వాతి కాలంలోనూ ఈ గండం తీరలేదు. 1941 మే 24 తెల్లవారుజామున డెన్మార్క్ జలసంధిలో జర్మన్ల బిస్మార్క్‌తో పోరాటం మొదలైన ఎనిమిది నిమిషాలకు బ్రిటన్ గర్వంగా చెప్పుకునే హుడ్ నౌక రెండు ముక్కలైంది. 1,418 మందిలో ముగ్గురు మిగిలారు. జపాన్ వారి ముత్సు అయితే అప్పుడు పోరాటంలో కూడా లేదు. 1943 జూన్ 8న తన దేశపు నీళ్లలోనే లంగరు వేసి ఉండగా వెనక మందుగది పేలి 1,121 మందితో మునిగింది. ఎందుకు పేలిందో ఇప్పటికీ తేలలేదు.

వెనక నుంచి ఒక బాబు చెయ్యెత్తుతున్నాడు. అడుగు నాన్నా. తొమ్మిది ఫిరంగులూ ఒకేసారి పేలిస్తే నౌక పక్కకు జరిగిపోతుందా అని అడుగుతున్నాడు. అందరూ అడిగే ప్రశ్నే. నౌక కాస్త ఊగుతుంది కానీ జరిగిపోదు. ఫొటోల్లో నౌక పక్కన తెల్లగా చెదిరిన నీరు కనిపిస్తుంది కదా, అది ఫిరంగుల గాలి దెబ్బకు సముద్రం మీద పడిన మచ్చ. గొట్టం మాత్రం తన టరెట్ లోపల మీటరుకు పైగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును నూనె, గాలి నింపిన సిలిండర్లు మింగుతాయి. టరెట్‌ను నౌకకు బోల్టులు వేసి బిగించరని కూడా తెలుసుకో. అది రోలర్ల మీద తన బరువుతోనే కూర్చుంటుంది.

గురి గురించి క్లుప్తంగా చెబుతాను, అది వేరే సాయంత్రానికి సరిపడే విషయం. గుండు గాలిలో ఉండే నిమిషంన్నరలో శత్రువు నౌక పధ్నాలుగు వందల మీటర్లు కదిలిపోతుంది. కాబట్టి అది ఇప్పుడున్న చోటికి కాకుండా అప్పటికి చేరబోయే చోటికి కొట్టాలి. గాలి, మందు వేడి, గొట్టం అరుగుదల అన్నీ లెక్కలోకి తీసుకునే పళ్లచక్రాల కంప్యూటర్లు నౌక లోపల ఉండేవి. యమాటో మీద దూరం కొలిచే అద్దాల యంత్రం 15 మీటర్ల వెడల్పు ఉండేది. చేసినది నిప్పాన్ కొగాకు సంస్థ, ఇప్పుడు మీ కెమెరాల మీద నికాన్ అని పేరున్నది అదే. రెండు మూడు నౌకలు ఒకే లక్ష్యాన్ని కొడుతుంటే ఎవరి గుండు ఎక్కడ పడిందో తెలియడానికి గుండ్లలో రంగు పొడి పెట్టేవారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ నీటి స్తంభాలు సముద్రంలోంచి లేచేవి. 1944 అక్టోబరు 25న ఇంకా తెల్లవారకముందే ఫిలిప్పీన్స్ దగ్గరి సురిగావ్ జలసంధిలో అమెరికా నౌకలు రాడార్‌తో, చీకట్లోనే, ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి జపాన్ వారి యమషిరోను కొట్టి ముంచాయి. బ్యాటిల్‌షిప్ మీద బ్యాటిల్‌షిప్ కాల్చడం ప్రపంచంలో అదే ఆఖరు.

అదే రోజు ఉదయం సమార్ దీవి దగ్గర యమాటో తన 46 సెంటీమీటర్ల ఫిరంగులను శత్రు నౌకల మీద మొదటిసారి, చివరిసారి కూడా, పేల్చింది. రహస్యం బయటపడకూడదని కాగితాల మీద వాటిని 40 సెంటీమీటర్ల ఫిరంగులు అని రాసుకున్న నౌక అది. ఆ గొట్టాలను, టరెట్లను మోసుకు రావడానికి కషినో అనే ఓడను ప్రత్యేకంగా కట్టారు. ఇంత చేస్తే ఒక్క ఉదయం. 1945 ఏప్రిల్ 7న ఒకినావా వైపు వెళ్తుండగా వందల విమానాలు చుట్టుముట్టాయి. బాంబులు, టార్పెడోలు తగిలి ఒరిగి బోర్లాపడుతూ మందుగది పేలింది. పొగ కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. మూడు వేల మందికి పైగా పోయారు. ఆ నౌకకు కూడా ముగింపు బావి అడుగునే.

మన ఊరికి ఈ కథతో ఉన్న సంబంధం కూడా చెప్పాలి. 1942 ఏప్రిల్ మొదటి వారంలో హిందూ మహాసముద్రంలో బ్రిటన్‌కు అయిదు బ్యాటిల్‌షిప్‌లు ఉన్నాయి. వార్‌స్పైట్, దానితో పాటు రామిలీస్, రిజల్యూషన్, రివెంజ్, రాయల్ సావరిన్. లండన్‌లో నేను చెయ్యి వేసిన గొట్టాలు ఒకప్పుడు మోసిన నౌకలు రెండూ అందులో ఉన్నాయి. అన్నింటి మీదా 15 అంగుళాల ఫిరంగులే. ఆ ఏప్రిల్ 6న జపాన్ వారి ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటలు కట్టుకుని పల్లెలకు వెళ్లిపోయారు. మా నాయనమ్మ ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేది. ఆ అయిదు నౌకల నలభై గొట్టాల్లో ఒక్కటి కూడా మన తీరానికి అక్కరకు రాలేదు. వాటి తప్పేమీ లేదు. ఇరవై, ముప్పై కిలోమీటర్లు కొట్టగల ఫిరంగి, వందల కిలోమీటర్ల నుంచి వచ్చే విమానాన్ని ఏం చేయగలదు? వాటి కాలం అప్పటికే తీరిపోయింది.

ఇక మెల్లగా అన్న మాట దగ్గరికి. అన్ని దేశాలూ బ్యాటిల్‌షిప్‌లను పక్కన పెట్టాక కూడా అమెరికా అయోవా తరగతి నాలుగింటినీ 1980లలో మళ్లీ బయటికి తీసింది. 1989 ఏప్రిల్ 19న అయోవా రెండో టరెట్‌లో, మధ్య గొట్టంలోకి ఆ రోజు కాల్పుకు వాడిన అయిదు మందు సంచులను నెడుతుండగా, వెనక తలుపు ఇంకా మూయకముందే పేలుడు జరిగింది. 47 మంది నావికులు చనిపోయారు. బావి అడుగు భాగంలో ఉన్న కొద్దిమంది బయటపడ్డారు. మందుగదులను నీటితో నింపి నౌకను నిలబెట్టారు. నౌకాదళం మొదట చనిపోయినవారిలోనే ఒక యువకుడు కావాలని చేశాడని నింద వేసింది. తర్వాత శాండియా ప్రయోగశాల నిపుణులు సంచులను దండం మామూలు కంటే లోపలికి, వేగంగా నెడితే పాత మందు గుళికలు నలిగి నిప్పు పుట్టగలదని పరీక్షల్లో చూపించారు. 1991లో నౌకాదళం ఆ యువకుడి కుటుంబానికి క్షమాపణ చెప్పింది. అసలు కారణం ఇదీ అని అధికారికంగా తేల్చలేదు. కన్నబిడ్డ పోయిన ఇంటి మీద రెండేళ్లు ఆ నింద ఉండటం నాకు ఆ పేలుడంత బాధగానే ఉంటుంది.

అయోవా ఇప్పుడు లాస్ ఏంజెలెస్ రేవులో మ్యూజియంగా ఉంది. అదే తరగతికి చెందిన మిజోరి హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌లో ఉంది, 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు జరిగిన డెక్ అదే. మీ పిల్లలు అమెరికాలో చదువుకుంటున్నా, ఉద్యోగాలు చేస్తున్నా, చూడటానికి వెళ్లినప్పుడు ఒక పూట కేటాయించండి. అందరూ గొట్టాల కింద నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు ఆ పక్కనే ఆగి, ఆ గొట్టాల కింద అయిదారు అంతస్తుల లోతున చేతుల మీద సంచి ఎత్తుకుని నిలబడిన పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఒక్కసారి తలుచుకోండి.

తాంబాళం ఈ బల్ల మీదే ఉంచుతున్నాను, పిల్లలు వచ్చి చేతులు పెట్టి చూడవచ్చు. టరెట్ బొమ్మను కూడా తెర మీద నుంచి తీయవద్దని ఆపరేటర్ గారిని కోరుతున్నాను. ప్రశ్నలు ఉన్నవారు ముందుకు రండి.